సీల్ చేసిన ఫైలు, ఆగని ప్రశ్న

1964 జూన్‌లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గాల్ట్ అనే 15 ఏళ్ల కుర్రవాణ్ణి పోలీసులు ఇంటినుంచి పట్టుకెళ్లారు. పొరుగావిడకి ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడని ఆరోపణ. తల్లీ తండ్రీ పనికి వెళ్లి ఉన్నారు, వాళ్లకి కబురైనా అందలేదు. అదే పని పెద్దవాళ్లు చేస్తే అక్కడ పడే శిక్ష 50 డాలర్లలోపు జరిమానా, లేదంటే రెండు నెలలకు మించని జైలు. ఇతను పిల్లవాడు కాబట్టి అవసరమైతే 21 ఏళ్లు వచ్చేదాకా సంస్కరణశాలలో ఉంచమని జడ్జి ఆదేశించాడు. ఆ కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1967 మే 15న వచ్చిన తీర్పుతో పిల్లలకీ లాయరును పెట్టుకునే హక్కు, ఆరోపణలేమిటో ముందుగా తెలుసుకునే హక్కు, మౌనంగా ఉండే హక్కు దక్కాయి. లా కాలేజీల్లో గాల్ట్ తీర్పు గురించి చెప్పేది ఇదే.

జస్టిస్ ఏబ్ ఫోర్టాస్ రాసిన ఆ తీర్పులో అంతగా చర్చకు రాని భాగం ఒకటుంది. పిల్లల కేసులు గుట్టుగా ఉంటాయన్న హామీ మాటల్లో ఉన్నంతగా ఆచరణలో లేదని ఆయన అక్కడ సూటిగా చెప్పారు. గోప్యత చట్టాలు కోర్టు కాగితాలకే వర్తిస్తాయి. ఆ కాగితాలు కూడా ఎఫ్‌బీఐకీ, సైన్యానికీ, అడిగితే ప్రైవేటు యజమానులకూ చేరుతున్నాయి. పోలీసుల దగ్గరుండే రికార్డుల సంగతైతే పూర్తిగా వాళ్ల ఇష్టానికే వదిలేశారు. ఇది దాదాపు అరవై ఏళ్ల నాటి మాట. ఈ మధ్యలో అమెరికా రాష్ట్రాలన్నీ సీలింగ్ చట్టాలు చేశాయి, సవరించాయి, మళ్లీ సవరించాయి. ఉద్యోగానికి వెళ్లిన పిల్లవాడి విషయంలో మాత్రం ఫోర్టాస్ చూపించిన సందులు చాలావరకు అలాగే ఉన్నాయి. ఎందుకున్నాయంటే, సీలు ప్రభుత్వ దస్త్రం మీద పడుతుంది కానీ దాని నకళ్ల మీద పడదు, అడిగేవాడి నోటి మీద అంతకన్నా పడదు. నా వాదన అంతా దీని చుట్టూనే.

పిల్లలకు వేరే కోర్టు ఉండాలన్న ఆలోచన 1899లో షికాగోలో రూపం దిద్దుకుంది. పిల్లవాడు చేసిన పనిని నేరంగా కాక, దారి తప్పడంగా చూడాలనీ, పెద్దయ్యాక ఆ మచ్చ వెంటపడకూడదనీ ఆ కోర్టు ఉద్దేశం. 1990ల్లో ఈ ఆలోచన దెబ్బతింది. ‘సూపర్ ప్రెడేటర్’ అనే మాట పత్రికల్లోకెక్కింది, కరడుగట్టిన పిల్లల తరం ఒకటి రాబోతోందని భయపెట్టింది. చాలా రాష్ట్రాలు పిల్లల్ని పెద్దల కోర్టులకు పంపడం సులువు చేశాయి, రికార్డుల గోప్యతను సడలించాయి. చెప్పినట్టుగా ఆ తరం రానే లేదు. ఆ మాట పుట్టించిన జాన్ డియూలియో తన అంచనా తప్పిందని తర్వాత ఒప్పుకున్నారు. 18 ఏళ్లలోపు వారి అరెస్టులు 1996లో సుమారు 27 లక్షలతో పతాకస్థాయికి చేరి, 2019 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయాయి. సడలించిన గోప్యతను మాత్రం అంత వేగంగా ఎవరూ తిరిగి బిగించలేదు.

ఇదేదో కొద్దిమంది చెడ్డ పిల్లల గొడవ అనుకునే వీల్లేదు. 2012లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, చిన్నాచితకా ట్రాఫిక్ తప్పులు పక్కనపెట్టినా, 18 ఏళ్లు నిండేలోపు కనీసం ఒకసారి అరెస్టయిన అమెరికన్లు 16 నుంచి 27 శాతం మధ్య ఉంటారు. వీళ్లలో బడిలో కొట్లాడినవాళ్లున్నారు, దుకాణంలో లిప్‌స్టిక్ జేబులో వేసుకున్నవాళ్లున్నారు, స్నేహితుడి కారులో గంజాయి దొరికితే పక్కసీట్లో కూర్చున్నందుకు దొరికిపోయినవాళ్లూ ఉన్నారు. చాలామంది మీద కేసు కోర్టుదాకా వెళ్లనే వెళ్లదు. అయినా అరెస్టు రికార్డు పుడుతుంది. వేలిముద్రలు తీసుకుంటే అది రాష్ట్ర భాండాగారానికీ, అక్కడినుంచి ఎఫ్‌బీఐకీ వెళ్లవచ్చు.

ఇక సీల్ చేయడం. రికార్డును పూర్తిగా చెరిపేయడం వేరు, భద్రంగా ఉంచి బయటివాళ్లకు చూపించకపోవడం వేరు. ఏ రాష్ట్రంలో ఏది జరుగుతుందో, ఎవరికి చూపిస్తారో, ఎన్నేళ్లు ఆగాలో ఒకదానికొకటి పొంతన ఉండదు. కాలిఫోర్నియాలో ఆరోపణ తీవ్రమైనది కాకపోతే, పిల్లవాడు ప్రొబేషన్ సరిగ్గా పూర్తిచేస్తే, 2015 నుంచి కోర్టే తనంతట తాను సీల్ చేస్తోంది. ఇంకా చాలాచోట్ల పిటిషన్ వేసుకోవాలి, ఫీజు కట్టాలి, వాయిదాకి వెళ్లాలి. పిటిషన్ మీద ఆధారపడిన పద్ధతి ఎంత పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇలినాయ్ చూడాలి. అక్కడి జువెనైల్ జస్టిస్ కమిషన్ 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దాదాపు ఒక దశాబ్దంలో జరిగిన ప్రతి వెయ్యి బాల్య అరెస్టుల్లో చెరిపేసినవి మూడు. ఆ తర్వాతే ఆ రాష్ట్రం తనంతట తాను చెరిపేసే పద్ధతికి మళ్లింది. పెద్దల రికార్డుల మీద మిషిగన్‌లో ప్రెస్కాట్, స్టార్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనమూ ఇదే చెబుతుంది. అర్హత ఉన్నవాళ్లలో ఐదేళ్లలోపు రికార్డు తీయించుకున్నది ఆరున్నర శాతమే. తీయించుకున్నవాళ్ల జీతాలు ఏడాదిలో 20 శాతం పైచిలుకు పెరిగాయి. హక్కును కాగితం మీద ఇచ్చి, దాన్ని తెచ్చుకునే భారం 18 ఏళ్ల పిల్లవాడి మీద పెట్టడం హక్కు ఇవ్వకపోవడంతో సమానమని నాకనిపిస్తుంది.

సీల్ అయిందనే అనుకుందాం. అప్పుడు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏం జరుగుతుంది?

చెక్ రెండు దారుల్లో నడుస్తుంది. ఆస్పత్రులు, బడులు, ప్రభుత్వ కార్యాలయాలు, లైసెన్సు బోర్డులు చాలావరకు వేలిముద్రలు తీసుకుని రాష్ట్ర భాండాగారాన్నీ ఎఫ్‌బీఐనీ అడుగుతాయి. మిగతా యజమానులు పేరు, పుట్టినతేదీ ఇచ్చి ప్రైవేటు కంపెనీచేత వెతికిస్తారు. మొదటి దారిలో తంటా అసంపూర్ణత. ఎఫ్‌బీఐ దగ్గరున్న అరెస్టు రికార్డుల్లో సుమారు సగానికి కేసు చివరికి ఏమైందన్న సమాచారం లేదని 2006లో అటార్నీ జనరల్ నివేదికే చెప్పింది. కౌంటీ కోర్టులో జడ్జి సీల్ ఆర్డరు మీద సంతకం పెడతాడు. గుమస్తా దాన్ని రాష్ట్రానికి పంపాలి, రాష్ట్రం ఎఫ్‌బీఐకి పంపాలి, అరెస్టు చేసిన స్టేషన్‌కి వేరే ప్రతి వెళ్లాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా, కోర్టులో లేని కేసు వేరేచోట బతికే ఉంటుంది.

రెండో దారి ఇంకా చిక్కు. ప్రైవేటు కంపెనీలు కోర్టుల నుంచి, షెరీఫ్ ఆఫీసుల నుంచి రికార్డులను మూకుమ్మడిగా కొని తమ డేటాబేసుల్లో పెట్టుకుంటాయి. ఆర్డరు వచ్చేలోపే నకలు తీసుకున్న కంపెనీకి ఆ తర్వాత జరిగింది ఎవరూ చెప్పరు. 1979లో స్మిత్ వర్సెస్ డైలీ మెయిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, చట్టబద్ధంగా తెలిసిన పిల్లవాడి పేరు ప్రచురించినందుకు పత్రికను శిక్షించడానికి లేదు. ఆ రోజుల్లో పాత పత్రిక గ్రంథాలయంలో మూల పడి ఉండేది. ఇప్పుడు అదే వార్త పదేళ్ల తర్వాత కూడా పేరు కొడితే మొదటి పేజీలో ప్రత్యక్షమవుతుంది. దానికి సీలు వేసే అధికారం ఏ జువెనైల్ కోర్టుకీ లేదు.

ఈ కంపెనీలను అదుపులో పెట్టే చట్టం 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్. రిపోర్టు సాధ్యమైనంత కచ్చితంగా ఉండాలి. దాని ఆధారంగా ఉద్యోగం నిరాకరించబోతే ముందుగా అభ్యర్థికి నకలు ఇవ్వాలి. అభ్యంతరం చెబితే సాధారణంగా 30 రోజుల్లో మళ్లీ విచారించాలి. శిక్ష పడని అరెస్టులను ఏడేళ్ల తర్వాత చెప్పకూడదు, ఏడాదికి 75,000 డాలర్లు, ఆపైన జీతమున్న ఉద్యోగాలకు ఈ గడువు వర్తించదు. ఈ ఏడేళ్ల లెక్క పెద్దవాళ్లని మనసులో పెట్టుకుని వేసింది. పదహారో ఏట జరిగిన అరెస్టుకి ఏడేళ్లు కలిపితే ఇరవై మూడు. డిగ్రీ చేతపట్టుకుని మొదటి ఉద్యోగాల కోసం తిరిగే వయసంతా ఆ గడువులోనే గడిచిపోతుంది.

చట్టాన్ని అసలే అమలు చేయలేదని చెప్పలేం. చెరిపేసిన రికార్డులు రిపోర్టుల్లోకి రాకుండా తగిన జాగ్రత్తలు తీసుకోలేదన్న ఆరోపణ సహా పలు అభియోగాల మీద 2012లో హైర్‌రైట్ సొల్యూషన్స్ అనే పెద్ద కంపెనీ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి 26 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. సీల్ అయిన, చెరిపేసిన రికార్డులు రిపోర్టులో రాకుండా చూసే పద్ధతులు తప్పనిసరి అని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 జనవరిలో స్పష్టంగా రాసింది. 2025 మేలో ఆ సంస్థ వెనక్కి తీసుకున్న పదుల మార్గదర్శకాల్లో అది కూడా కలిసిపోయింది. చట్టం అలాగే ఉంది, దాన్ని విడమరిచి చెప్పిన కాగితం పోయింది. పైగా ఈ రక్షణంతా తప్పు జరిగాక పనికొచ్చేది. 30 రోజుల తర్వాత రిపోర్టు సరిదిద్దుతారు, ఈలోగా ఆ ఉద్యోగంలో ఖాళీ నిండిపోతుంది. ఆ ఉద్యోగాన్ని తిరిగి తెచ్చిపెట్టే నిబంధన ఏదీ లేదు.

కంపెనీలు, డేటాబేసులు అన్నీ సరిగ్గా పనిచేసినా మిగిలేది దరఖాస్తులోని ప్రశ్న: ‘మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా?’ నా దృష్టిలో ఈ వ్యవహారంలో అత్యంత క్రూరమైనది ఇదే. చాలామంది పిల్లలూ తల్లిదండ్రులూ 18 నిండగానే రికార్డు దానంతటదే మాయమవుతుందని నమ్ముతారు. అన్నిచోట్లా అలా జరగదు. సీల్ కాలేదని తెలియక ‘లేదు’ అని రాసినవాడు రిపోర్టు వచ్చాక అబద్ధాలకోరు అవుతాడు. అరెస్టు కన్నా ఆ అబద్ధమే ఉద్యోగం ఊడగొడుతుంది. సీల్ అయినా, నిజాయితీగా ఉండాలని ‘అవును’ అని రాసినవాడు కోర్టు మూసిన ఫైలును తన చేత్తోనే తెరిచి ఇస్తాడు. ఏ జవాబిచ్చినా నష్టపోయే ప్రశ్నను పిల్లల ముందు పెట్టే హక్కు ఎవరికీ ఉండకూడదు.

ఈ సంగతి సరిగ్గా పట్టుకున్న చట్టం ఫెడరల్ స్థాయిలో ఎప్పటినుంచో ఉంది. ఫెడరల్ కోర్టులో నడిచిన పిల్లల కేసుల గురించి అర్హత లేనివాళ్లెవరైనా ఆరా తీస్తే, ఏ కేసూ లేని మనిషి గురించి ఎలా జవాబిస్తారో అలాగే జవాబివ్వాలని అది చెబుతుంది. ‘ఆ వివరాలు ఇవ్వలేం’ అన్నా గుట్టు బయటపడినట్టేనని రాసినవాళ్లకు తెలుసు. కాలిఫోర్నియా మరో అడుగు ముందుకేసింది. 2017 జనవరి 1 నుంచి అక్కడి యజమానులు జువెనైల్ కోర్టు పరిధిలో జరిగిన అరెస్టు, విచారణ, తీర్పు దేని గురించీ అడగకూడదు, తెలిసినా లెక్కలోకి తీసుకోకూడదు. ఆరోగ్య సంస్థలకు పరిమితమైన మినహాయింపు ఉంది. సీల్ అయిందా లేదా అన్న మీమాంసే అక్కడ లేదు. ఈ మొత్తం సమీక్షలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచిన నిబంధన ఇది. భారాన్ని పిల్లవాడి మీదినుంచి తీసి అడిగేవాడి మీద పెట్టింది.

ప్రశ్నను దరఖాస్తు నుంచి తీసేస్తే చాలన్న ‘బ్యాన్ ది బాక్స్’ ఉద్యమంతో దీన్ని కలపకూడదు. హవాయి 1998లో మొదలుపెట్టిన ఆ మార్పు చాలా రాష్ట్రాలకు పాకింది. ఫెడరల్ ఉద్యోగాలకు సంబంధించి 2019లో చేసిన చట్టం, షరతులతో ఆఫర్ ఇచ్చేవరకు నేరచరిత్ర అడగొద్దంటుంది. సీల్ అయిన బాల్య రికార్డులను కూడా అందులో ప్రస్తావించింది. మంచిదే, కానీ ప్రశ్న వాయిదా పడుతుంది తప్ప పోదు. పైగా అగన్, స్టార్ అనే పరిశోధకులు న్యూజెర్సీలో, న్యూయార్క్ నగరంలో కల్పిత దరఖాస్తులు పంపి చూస్తే, పెట్టె తీసేసిన కంపెనీల్లో నల్లజాతి అభ్యర్థులకన్నా తెల్లవాళ్లకు ఎక్కువగా వచ్చే పిలుపుల తేడా 7 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. రికార్డు తెలియనప్పుడు యజమానులు రంగు చూసి రికార్డును ఊహించుకున్నారు. డెవా పేజర్ అనే పరిశోధకురాలు మిల్వాకీలో చేసి 2003లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. రికార్డు లేని తెల్లవాళ్లకు 34 శాతం, రికార్డున్న తెల్లవాళ్లకు 17 శాతం పిలుపులు రాగా, రికార్డు లేని నల్లవాళ్లకు 14, రికార్డున్న నల్లవాళ్లకు 5 శాతం వచ్చాయి. దీన్నిబట్టి రికార్డులు తెరిచిపెట్టడమే నయమని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. జాతి వివక్షకు మందు వివక్ష నిరోధక చట్టమే కానీ, ఇంకో పిల్లవాడి బాల్యాన్ని బయటపెట్టడం కాదు.

యజమాని భయాన్ని కొట్టిపారేయలేం. వృద్ధులను చూసుకునే ఇంట్లో ఉద్యోగి ఎవరినైనా గాయపరిస్తే, విచారించకుండా పెట్టుకున్నందుకు యజమాని మీద దావా పడుతుంది. ఆ భయానికి జవాబు కొంత గణాంకాల్లో ఉంది. బ్లూమ్‌స్టీన్, నకమురా అనే పరిశోధకులు 2009లో న్యూయార్క్ రికార్డులను పరిశీలించి, ఒకసారి అరెస్టయిన మనిషి మళ్లీ అరెస్టయ్యే అవకాశం ఎన్నేళ్లకు అదే వయసు సామాన్యుల స్థాయికి వస్తుందో లెక్కకట్టారు. 18 ఏళ్లప్పుడు ఇంట్లో దొంగతనానికి పట్టుబడినవాళ్లకు 3.8 ఏళ్లు, దోపిడీకి 7.7 ఏళ్లు. అంటే ప్రమాదానికి గడువుంది, జీవితాంతం ఉండేది కాదు. పసిపిల్లలు, రోగులు, వృద్ధుల దగ్గర ఉద్యోగాలకు కోర్టు నిర్ధారించిన తీవ్రమైన విషయాలు కొన్నేళ్లపాటు చూడనివ్వవచ్చు. ఉత్త అరెస్టును ఏ ఉద్యోగానికీ చూడనివ్వకూడదు. అరెస్టు తప్పుకి రుజువు కాదని సమాన ఉద్యోగావకాశాల కమిషన్ కూడా 2012 మార్గదర్శకాల్లో చెప్పింది.

ఏ సీలూ ఆపలేని ద్వారాలు కొన్నున్నాయి. సైన్యంలో చేరేవాడు సీల్ అయిన బాల్య కేసులు కూడా చెప్పాలి. జాతీయ భద్రత అనుమతికి నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం కూడా, అది అడిగే కాలానికి, సీల్ అయినవీ రాయమంటుంది. బ్యాంకుల చట్టం మాత్రం బాల్య నిర్ధారణలను శిక్షలుగా చూడదు.

మన దేశం సంగతికొస్తే, చట్టం వరకు మనం చాలా అమెరికా రాష్ట్రాలకన్నా ముందున్నాం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, పిల్లవాడిగా చేసిన నేరం వల్ల ఏ అనర్హతా అంటుకోదు, రికార్డును గడువు తీరాక ధ్వంసం చేయాలి. పదహారు దాటి హీనమైన నేరంలో పెద్దవాడిగా విచారణ జరిగి తప్పు రుజువైనవారికి మాత్రం ఈ రక్షణ వర్తించదు, వాళ్ల రికార్డు ఉంచుతారు. 74వ సెక్షన్ మరీ సూటిగా, నడుస్తున్న కేసైనా ముగిసిన కేసైనా, క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా మరెందుకైనా పోలీసులు పిల్లల రికార్డు బయటపెట్టకూడదంటుంది. అదే సెక్షన్ ప్రకారం, పిల్లవాడి గుర్తింపును పత్రికల్లో బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 2016 నమూనా నిబంధనల ప్రకారమైతే, హీనమైన నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసిందో కానప్పుడు ఎఫ్‌ఐఆర్ కూడా కట్టకూడదు, స్టేషన్ జనరల్ డైరీలో రాసుకోవాలి.

మనదగ్గర కూడా చిక్కంతా ప్రశ్న దగ్గరే. కానిస్టేబుల్, ఎస్సై, కేంద్ర బలగాల ఉద్యోగాలకు ఎంపికైనవాళ్లు అటెస్టేషన్ ఫారం నింపుతారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసుందా అన్న గడులు అందులో ఉంటాయి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, సమాచారం దాచడం గురించి ఏ తీవ్రతకు ఏం చేయాలో వివరంగా చెప్పింది. యజమాని నేర తీవ్రతను, పరిస్థితులను తూచాలంది, అయినా దాచడం తప్పేనన్న పునాది మీదే తూచమంది. చట్టం లేనట్టే చూడమన్న విషయాన్ని ఫారంలో రాయకపోతే అది దాచడమవుతుందా? 2019లో రమేష్ బిష్ణోయ్ కేసులో కోర్టు సూటిగా దీనికి కాకపోయినా, ఈ దిశగా న్యాయమైన మాట చెప్పింది. బాల్యంలో కేసున్న అభ్యర్థికి సీఐఎస్‌ఎఫ్ ఉద్యోగం నిరాకరించడం చెల్లదనీ, శిక్ష పడి ఉన్నా దాని మచ్చ అతని భవిష్యత్తుకు అంటకూడదనీ చెప్పింది. అలాంటప్పుడు ఫారం కిందనే ‘18 ఏళ్లలోపు జరిగినవి రాయనవసరం లేదు’ అని ఒక్క వాక్యం అచ్చు వేయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల నియామక మండళ్లకు అదేమీ కష్టం కాదు. ఆ వాక్యం ఉంటే ఎంతోమంది హైకోర్టు మెట్లెక్కే పని తప్పుతుంది.

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది, తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. వలస చట్టం దృష్టిలో జువెనైల్ కోర్టు నిర్ధారణ శిక్ష కాదని 2000లోనే ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తేల్చింది. అయినా గ్రీన్‌కార్డు, పౌరసత్వ దరఖాస్తులు ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతాయి, సీల్ అయినా చెప్పాలని స్పష్టంగా రాస్తాయి. ఇక్కడినుంచి వెళ్లేవాళ్లు నింపే డీఎస్-160లోనూ అరెస్టు ప్రశ్న ఉంది. జువెనైల్ కేసున్న కుర్రవాడు కాలిఫోర్నియాలో ఉద్యోగ దరఖాస్తులో ఆ ఊసెత్తనవసరం లేదు, అదే ఏడాది ఇమిగ్రేషన్ కాగితంలో ‘లేదు’ అని రాస్తే తప్పుడు ప్రకటన అవుతుంది. రెండూ ఒకటేనని స్నేహితులిచ్చే సలహాలు నమ్మొద్దు. మాస్టర్స్‌కి వెళ్లిన 22 ఏళ్లవాళ్లకు ఈ బాల్య రక్షణలేవీ వర్తించవు. వాళ్లకు శిక్ష పడ్డాక పెద్దల కోర్టు రికార్డు చెరిపేసినా, వలస చట్టం దాన్ని మామూలుగా లెక్కలోంచి తీసేయదు.

అందుకే పిల్లవాడి రికార్డు సీల్ చేయించే ముందు, ముఖ్యంగా ధ్వంసం చేసే రాష్ట్రాల్లో, కేసు ఎలా ముగిసిందో చెప్పే కోర్టు ధ్రువీకరణ ప్రతిని తీసుకుని దాచుకోవాలి. రేపు ఇమిగ్రేషన్ అధికారి అడిగితే, కోర్టులో కాగితమే లేదన్నది జవాబు కాదు. ఆ ప్రతిని ఎవరికి ఎప్పుడు చూపాలన్నది లాయరును అడిగే చేయాలి, ఎందుకంటే కాలిఫోర్నియాలాంటి చోట్ల జువెనైల్ వివరాలు ఫెడరల్ అధికారులకు చేరాలంటే ఆ కోర్టు అనుమతి కావాలి. సీల్ అయ్యాక కొన్ని నెలలాగి, 18 డాలర్ల ఫీజు కట్టి ఎఫ్‌బీఐ నుంచి తన రికార్డు తానే తెప్పించుకుని చూసుకోవాలి. ఇంకా అక్కడ కనిపిస్తే ఆర్డరు ప్రతితో రాష్ట్ర భాండాగారానికి రాయాలి. ఇదంతా మొదటి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టకముందే పూర్తిచేయాలి.